సిస్టరమ్మ చెయ్యి చూపించేదాకా

కుడి చేతికి గోళ్ళు పెంచినందుకు మా సేఫ్టీ ఆఫీసరు ఒకరోజు పొద్దున మీటింగులో నన్ను అందరి ముందూ నిలబెట్టాడు. "యే క్యా హై, భాయ్?" అంటూ నా చెయ్యి పట్టి పైకెత్తి చూపించాడు. ఎడమ చేతి గోళ్ళు కుదురుగా కత్తిరించి ఉన్నాయి. కుడి చేతివి మాత్రం అయిదుకు అయిదూ వేలు దాటి ముందుకు వచ్చి, మీద జిగురు పూతతో మెరుస్తున్నాయి. విరిగిన సామాన్లు అతికించుకునే మామూలు జిగురే. గోరు చీలకుండా గిటారు వాయించేవాళ్ళు అదే పూసుకుంటారు. "గిటార్, సార్" అన్నాను. మీటింగంతా ఘొల్లుమంది.

అప్పటికి గిటారు మీద తీగలు నొక్కిపట్టే పట్లు నాకు వచ్చినవి రెండే రెండు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు పాట రాకముందే గోళ్ళు వచ్చేశాయి. అయినా ఆ రోజు నాకు సిగ్గు వేయలేదు. గ్లవుజుల్లో గోళ్ళు గుచ్చుకుంటే గుచ్చుకోనీ అనుకున్నాను. నలభై మూడేళ్ళ వయసులో, శుక్రవారం ఎప్పుడొస్తుందా అని చిన్నపిల్లాడిలా రోజులు లెక్కపెట్టుకోవడంలో ఎంత ఆనందం ఉందో ఆ నవ్వేవాళ్ళకేం తెలుసు?

నేను ఖతర్‌లోని మెసయీద్‌లో ఒక ప్లాంటులో క్రేన్ నడుపుతాను. పదకొండేళ్ళయింది. సొంతూరు జగిత్యాల దగ్గర. నా రూమ్మేటుది నిర్మల్ జిల్లా, డ్యూటీలో నా సిగ్నల్‌మన్ కూడా అతనే. అక్కడ అతని చెయ్యి చూసి నేను లోడు ఎత్తుతాను, గదిలో నా మొహం చూసి అతను టీ పెడతాడు. నా గోళ్ళ మీద మొదటి కామెంటు అతనిదే.

"ఏందే అన్నా, గోర్లు వెంచుతున్నవ్. రేపు మైదాకు గూడ వెట్టుకుంటవా?"

గిటారు నేను కొన్నది కాదు. పక్క గదిలో ఉండే ఫిలిప్పీన్స్ వెల్డరు కాంట్రాక్టు అయిపోయి ఇంటికి వెళ్ళిపోతూ, సామాను బరువు ఎక్కువైందని దాన్ని నా మంచం మీద పెట్టి పోయాడు. వారం రోజులు దాన్ని చూస్తూ పడుకున్నాను. తర్వాత ఒక తీగ లాగాను. అది తెగింది. తెగిన తీగ ఎవరైనా కట్టిపెడతారేమోనని శుక్రవారం దాన్ని భుజాన వేసుకుని కంపెనీ బస్సెక్కాను. వారానికోసారి ఆ బస్సు మమ్మల్ని అల్ వక్రాలో సూపర్‌మార్కెట్ ముందు దింపి, రాత్రి ఎనిమిదింటికి మళ్ళీ ఎక్కించుకుంటుంది. ఎనిమిది దాటితే డ్రైవరు కన్నతండ్రి కోసం కూడా ఆగడు.

తీగల దుకాణం కోసం వెతుకుతుంటే ఒక ఫర్నిచర్ షాపు మీది అంతస్తులోంచి చెక్క మీద దబదబ చప్పుడు వినిపించింది. వడ్రంగులు అనుకున్నాను. కానీ రెండడుగులు వేసేసరికి ఆ చప్పుడు లెక్కలో పడింది. దాని మీద చప్పట్లు, చప్పట్ల మీద గిటారు. నా కాళ్ళు ఆగిపోయాయి.  మెట్లెక్కి తలుపు సందులోంచి చూశాను. నేల మీద ప్లైవుడ్ చెక్కలు పరిచి, మేకులు దిగ్గొట్టిన బూట్లతో నలుగురు ఆడవాళ్ళు ఆడుతున్నారు. చుట్టూ అర్ధచంద్రాకారంలో కుర్చీల మీద అయిదారుగురు చప్పట్లు కొడుతున్నారు. నల్ల పావడా కట్టుకున్న యాభై ఏళ్ళావిడ నా భుజాన గిటారు చూసి, ఎవరు ఏమిటి అని అడగకుండా, "యల్లా, యల్లా, లోపలికి రా" అంది, అరబ్బీలో పద పద అని.

అది ఫ్లమెంకో అని ఆ రోజే తెలిసింది. స్పెయిన్ దేశంలో దక్షిణాన పుట్టిన పాట, ఆట, గిటారు కలిసిన విద్య. ఆవిడది ఆ దేశమే. దోహాలో పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ, శుక్రవారం శుక్రవారం మెట్రో ఎక్కి వక్రాకు వచ్చి ఈ గది నడుపుతుంది. అందరూ ఆమెను మాయెస్ట్రా అంటారు, అంటే పంతులమ్మ. అక్కడ గిటారు వాయించేది ఈజిప్టు నుంచి వచ్చిన ఒక ఇంజనీరు. ఆయన నా గిటారు తీసుకుని, తెగిన తీగ తీసేసి, తన సంచిలోంచి కొత్తది తీసి కట్టాడు. దాన్ని సరిచేసి ఒక్కసారి అయిదు వేళ్ళూ విసిరితే, నా మంచం మీద వారం రోజులు మూగగా పడున్న చెక్కపెట్టెలోంచి అంత పెద్ద గొంతు వచ్చింది. "నాకూ నేర్పిస్తారా?" అని నా వచ్చీరాని ఇంగ్లీషులో అడిగాను. మాయెస్ట్రా తల ఊపి, నా గిటారును సంచిలో పెట్టి మూలకు ఆనించింది.

"మూడు నెలలు చప్పట్లు కొట్టు. తర్వాత చూద్దాం."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. గిటారు తెచ్చుకున్నవాణ్ణి చప్పట్లు కొట్టమంటుందేమిటి, నేనేమైనా సినిమా హాల్లో కూర్చున్నానా అని మండింది. కానీ వెళ్ళిపోబుద్ధి కాలేదు. కూర్చున్నాను. కూర్చున్నాక తెలిసింది, చప్పట్లలో కూడా రెండు రకాలున్నాయి. అరచేతులు గుంటగా పెట్టి కొట్టే బోలు చప్పట్లు పాట నడుస్తున్నప్పుడు. మూడు వేళ్ళతో ఎదుటి అరచేతి మీద పదునుగా కొట్టేవి ఆట ఊపందుకున్నప్పుడు. మొదలుపెట్టేవాళ్ళకు నేర్పే తాళం నాలుగు దెబ్బలది. మొదటి దెబ్బ కాలితో, మిగతా మూడూ చేతితో. అది అందుకోవడానికి నాకు పది నిమిషాలు కూడా పట్టలేదు. మాయెస్ట్రా కనుబొమలు ఎత్తి "ఎక్కడ నేర్చుకున్నావు?" అంది. ఊళ్ళో, అన్నాను. బస్సులో తిరిగి వస్తూ ముందు సీటు రాడ్డు మీద అదే తాళం వేశాను. క్రేన్ క్యాబిన్లో లోడు కోసం ఎదురుచూస్తూ తొడ మీద వేశాను. ఇంటికి ఫోన్ చేసినప్పుడూ బల్ల మీద అదే వేస్తుంటే మా ఆవిడ కాసేపు విని, "నువ్వు దుబాయ్ల క్రేన్ నడుపుతున్నవా, బ్యాండుమేళం వెట్టినవా?" అంది. ఖతర్ అని వెయ్యిసార్లు చెప్పాను. మా ఊరివాళ్ళకు ఇటువైపు ఉన్నదంతా దుబాయే.

తాళం తొందరగా వచ్చింది. తంటా వేరేచోట వచ్చింది.

ఊళ్ళో నేను చిరుతల భజనలో పదేళ్ళు తిరిగినవాణ్ణి. చిరుతలంటే చేతిలో పట్టుకుని కొట్టే చెక్కలు. గుండ్రంగా తిరుగుతూ, పాడుతూ, కొడుతూ ఆడతాం. మా భజనలో ఎక్కడా రాసి లేని శాసనం ఒకటుంది. పాట నడిచేకొద్దీ వేగం పెరగాలి. నింపాదిగా మొదలై, చివరికి కాళ్ళు నేల మీద ఆననంత జోరు రావాలి. ఆ జోరు రాకపోతే పెద్దమనుషులు "ఇయ్యాల బువ్వ తినలేదారా?" అని అడిగేవారు. అందుకని తాళం చేతికొస్తే చాలు, నా చేతులు వాటంతటవే పరుగు మొదలుపెడతాయి. నేను పరుగెత్తితే పక్కవాళ్ళూ పరుగెత్తేవారు. చెక్క మీద ఆడేవాళ్ళ కాళ్ళు తడబడేవి. మాయెస్ట్రా రెండు చేతులూ ఎత్తి అరిచేది.

"శ్వయ్ శ్వయ్! మెల్లగా! ఎక్కడికి పరుగు? నీ బస్సు ఎనిమిదింటికి కదా?"

ఈ విద్యలో వేగం పెంచే హక్కు చప్పట్లది కాదు, గిటారుది కాదు, ఆడే మనిషిది. ఆమె పెంచితే మనం పెంచాలి. పెంచబోయే ముందు కాళ్ళతో గట్టిగా కొట్టి పిలుస్తుంది. ఆ పిలుపు విని గిటారు మారాలి. ఇదంతా నాకు అర్థమైంది. చేతులకే అర్థం కాలేదు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు కదా.

మూడు నెలలు దాటాక గిటారు సంచిలోంచి బయటికి వచ్చింది. ఆ రోజు నాకు పెళ్ళిచూపులకు వెళ్ళినంత కంగారు. ఇంజనీరు నాకు రెండు పట్లు చూపించాడు. కుడి చేతి వేళ్ళను చిటికెన వేలు మొదలు ఒక్కొక్కటిగా తీగల మీదికి విసరడం నేర్పాడు. అది సరిగ్గా పడినప్పుడు గలగలమని ఒక జల్లు కురిసినట్టు ఉంటుంది. వందసార్లు విసిరితే ఒకసారి పడేది. ఆ ఒక్కసారికి గదిలో అందరూ "ఓలే!" అనేవారు. ఓలే అంటే శభాష్. పదకొండేళ్ళలో నన్ను ఇంతమంది మెచ్చుకున్నది లేదు. క్రేన్ నడిపేవాణ్ణి ఎవరూ మెచ్చుకోరు, లోడు పడకపోతే చాలనుకుంటారు.

అప్పుడే సిస్టర్ వచ్చి నన్ను అడిగింది.

ఆమె ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన నర్సు. యాభై రెండేళ్ళు. గదిలో అందరం సిస్టర్ అనే పిలిచేవాళ్ళం. నా మాటల్లో ఆమె గురించి విని విని, చూడకుండానే మా రూమ్మేటు ఆమెను సిస్టరమ్మను చేశాడు. ఇరవై ఏళ్ళు వార్డులో నిలబడి డ్యూటీ చేసీ చేసీ ఆమె కుడి మోకాలు అరిగిపోయింది. నాలుగేళ్ళుగా అక్కడ ఆట నేర్చుకుంటోంది. కానీ ఎప్పుడూ వెనక వరసలోనే, ఎప్పుడూ రికార్డు పాటకే. ఇంజనీరు గిటారు బాగా ఆడేవాళ్ళకే సరిపోయేది. ఇంకో నెలలో ఆమె కాంట్రాక్టు అయిపోతుంది, ఇంటికి వెళ్ళిపోతుంది, ఇక రాదు. ఎండాకాలం సెలవులకు ముందు గదిలో చిన్న సభ జరుగుతుంది. అందులో ఒక్కతే ఆడడానికి మాయెస్ట్రా ఆమెకు మూడు నిమిషాలు ఇచ్చింది. నాలుగు దెబ్బల తాళమే. ఎదురుగా మనిషి వాయించే గిటారుతో ఆడడం ఆమెకు అదే మొదలు, అదే చివర.

"నాకు నీ గిటారు కావాలి" అంది సిస్టర్. "నువ్వు కూడా నాలాగే ఆలస్యంగా మొదలుపెట్టావు."

నేను ఎగిరి గంతేశాను. మాయెస్ట్రా మాత్రం నవ్వలేదు.

"మూడు శుక్రవారాలు టైముంది. నువ్వు పరుగెత్తావంటే రికార్డు పెడతాను. మోకాలు ఆమెది, నీది కాదు."

మొదటి శుక్రవారం ఎలాగో గడిచింది. ఆ వారమంతా గిటారు ఒళ్ళోంచి దించలేదు. రెండో శుక్రవారం మొదటి నిమిషం హాయిగా నడిచింది. వేళ్ళ విసురు వరసగా పది సార్లు సరిగ్గా పడింది. పడేసరికి నాకు రెక్కలొచ్చాయి. ఎడమ చేతి వేళ్ళు తప్పటడుగు వేయకుండా వాటి వైపే చూస్తూ, కుడి చేతిని వదిలేశాను. చెక్క మీద ఒక అడుగు తప్పిన చప్పుడైంది. తలెత్తేసరికి సిస్టర్ మోకాలు పట్టుకుని నిలబడి ఉంది.

అప్పుడు నా నోట వచ్చిన మాట తలుచుకుంటే ఇప్పటికీ చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

"సిస్టర్, మీరు లేటవుతున్నారు" అన్నాను.

 సిస్టర్ కుర్చీలో కూర్చుని, బూట్లు విప్పి, సంచిలోంచి నొప్పుల మందు తీసి రాసుకుంది. మాయెస్ట్రా నా దగ్గరికి వచ్చి మెల్లగా, "వచ్చే వారం నుంచి రికార్డు" అంది.

బస్సులో గిటారు కాళ్ళ మధ్య పెట్టుకుని ఉడికిపోతూ కూర్చున్నాను. గదికొచ్చి రూమ్మేటుకు అంతా చెప్పాను. చెప్పేటప్పుడు కూడా తప్పు సిస్టర్‌దే అన్నట్టు చెప్పాను. అతను ఉల్లిగడ్డలు కోస్తూ విని, కత్తి పక్కన పెట్టాడు.

"ఆడలేనామె మద్దెల ఓడన్నదని విన్న గని, మద్దెలే ఆడేటామెను వంక వెట్టుడు ఇయ్యాలనే విన్ననే అన్నా."

నాకు ఒళ్ళు మండి దిండు విసిరాను. అది ఉల్లిగడ్డల మీద పడింది. కానీ నిద్రపోయే ముందు ఆ మాట మెల్లగా లోపలికి దిగింది. ఆ మోకాలితో నాలుగేళ్ళు మెట్లెక్కి వచ్చిన మనిషిని నేను లేటంటానా అని సిగ్గుతో దుప్పటి ముసుగేసుకున్నాను.

మర్నాడు డ్యూటీలో ఒక పెద్ద వాల్వును రెండు పైపుల మధ్య నుంచి కిందికి దించాలి. అటూ ఇటూ జానెడు సందు. క్యాబిన్లోంచి నాకు ఆ సందు కనిపించదు. కనిపించేది కింద నిలబడ్డ రూమ్మేటు మాత్రమే. అతను ఒక చేత్తో దించమని చూపిస్తూ, రెండో అరచేతిని దాని మీద కదలకుండా పట్టాడు. క్రేను భాషలో దానికి అర్థం, అదే పని, కానీ మెల్లగా. నేను మెల్లగా దించాను. అతను ఆపితే ఆపాను. ఎండ నెత్తి మీద కాలుతోంది, ఫోర్‌మన్ వెనకనుంచి "జల్దీ, జల్దీ" అంటున్నాడు. అయినా నా చెయ్యి వెంట్రుకవాసి కూడా ముందుకు పోలేదు. వాల్వు కూర్చుంది.

అప్పుడు వెలిగింది నాకు. క్యాబిన్లోంచే గట్టిగా నవ్వాను. పదకొండేళ్ళలో నేను ఒక్కసారైనా సిగ్నల్ లేకుండా లోడు కదిపానా? ఒక్కసారైనా లివర్ల వైపు చూస్తూ పని చేశానా? లివర్లు చూసుకునే ఆపరేటర్ని ఎవరూ క్యాబిన్ ఎక్కనివ్వరు. చూపు ఎప్పుడూ హుక్కు మీద, సిగ్నల్‌మన్ చేతి మీద. నా ఒంట్లోనే ఇంత నిదానం ఉండగా, గిటారు పట్టుకోగానే నేను భజన మనిషిని అయిపోతున్నాను. సిస్టర్ ఆడుతుంటే నేను ఆమె వైపు చూడనే లేదు.

సాయంత్రం గదిలో రూమ్మేటును రెండు మంచాల మధ్య నిలబెట్టాను. ఎడమ చెయ్యి కనబడకుండా దాని మీద తువ్వాలు కప్పుకున్నాను. "నువ్వు సిగ్నల్ ఇయ్యి. నేను వాయిస్త" అన్నాను. అతను డ్యూటీలో ఉన్నట్టే నిటారుగా నిలబడ్డాడు. చూపుడువేలు పైకెత్తి గుండ్రంగా తిప్పితే యార్డులో లోడు ఎత్తమని, ఇక్కడ వేగం పెంచమని. రెండో అరచెయ్యి అడ్డం పెడితే మెల్లగా. చెయ్యి చాచి అరచెయ్యి నేల వైపు తిప్పి ఊపితే ఆపాలి. మొదటి రోజు నేను నాలుగు సార్లు ముందుకు ఉరికాను.

"ఎటు వోతున్నవే? నేను చెప్పిన్నా? లోడు వడగొడ్తవ్!" అని అతను అరిచాడు.

పక్క గదివాళ్ళు తలుపులోంచి తొంగి చూసి, ఇద్దరికీ ఎండదెబ్బ తగిలిందని తేల్చుకుని వెళ్ళారు. మాకు నవ్వు ఆగలేదు. కానీ రోజూ చేశాం. బుధవారానికి నా కుడి చెయ్యి అతని వేలు కదలిక కోసం ఆకలిగా ఎదురుచూడడం మొదలుపెట్టింది. గురువారం ఒక్కసారి కూడా ఉరకలేదు.

మూడో శుక్రవారం అతన్ని కూడా వెంటబెట్టుకుని వెళ్ళాను. గదిలో రికార్డుకు పెట్టె సిద్ధం చేసి ఉంది. సిస్టర్ మోకాలికి పట్టీ చుట్టుకుంటోంది. నేను ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

"సిస్టర్, తప్పు నాది. మీరు లేటు కాలేదు. నేనే ముందు పోయాను."

"నాకు తెలుసు" అంది ఆమె, పట్టీ మీంచి చూపు ఎత్తకుండా. "రికార్డుతో నాలుగేళ్ళు ఆడాను. రికార్డు నన్ను చూడదు. నువ్వు చూస్తావనుకున్నాను."

 నేను రూమ్మేటు వైపు చూశాను. అతను ముందుకొచ్చి, తెలుగూ హిందీ ఇంగ్లీషూ కలిపి, "సిస్టరమ్మా, నేను చెప్త. యే మేరా ఆపరేటర్. ఇగ జూడు, స్లో అంటే గిట్ల" అని చెయ్యి చూపించాడు. ఒక చెయ్యి తిరుగుతోంది, రెండోది దాని మీద కదలకుండా ఉంది. సిస్టర్ చూసింది. లేచి నిలబడి తనూ పట్టింది. ఆమె మణికట్టు తిరిగితే అది మా యార్డు సిగ్నల్‌లా లేదు. ఆ ఆటలో పుట్టినదానిలాగే ఉంది. పైకెత్తే సిగ్నల్ చూపించాడు. ఆమె చూపుడువేలితో తల మీద సున్నాలు చుట్టింది. అది ఇంకా బాగుంది. సిస్టర్ నవ్వింది. రెండు వారాల్లో నేను చూసిన మొదటి నవ్వు.

మాయెస్ట్రా గోడకానుకుని, చేతులు కట్టుకుని చూస్తోంది. ఒక్కసారి వాయించమంది. సిస్టర్ ముఖం, చేతులు, కాళ్ళు తప్ప నేను ఇంకేమీ చూడలేదు. వేళ్ళు ఎక్కడ పడ్డాయో నాకు తెలియదు, రెండు సార్లు తప్పుగానే పడ్డాయి. కానీ తాళం కదలలేదు. అయ్యాక మాయెస్ట్రా రికార్డు పెట్టె ప్లగ్గు పీకి, "సభకు తెల్ల చొక్కా వేసుకుని రా" అంది. అంతే అంది. ఆ రోజు బస్సులో మేమిద్దరం సీటు మీద కుదురుగా కూర్చుంటే ఒట్టు.

తర్వాతి శుక్రవారం, సభ రోజు సాయంత్రం గది కిక్కిరిసింది. ఆసుపత్రి నుంచి సిస్టర్ స్నేహితులు, ఇంజనీరు కుటుంబం, నేర్చుకునేవాళ్ళ బంధువులు, అంతా కలిసి నలభై మంది దాకా. రూమ్మేటు ఊరుకోకుండా మా క్యాంపులో మాట వేశాడు. మా వైపు వాళ్ళే ఎనిమిది మంది సూపర్‌మార్కెట్ సంచులతో సహా వచ్చి చివరి వరసలో కూర్చున్నారు. అందరూ సైటు మనుషులు, సగం మంది ఊళ్ళలో చిరుతలు కొట్టినవాళ్ళు. నా తెల్ల చొక్కా చూసి ఒకడు ఈల వేశాడు.

ఇంజనీరు వాయించిన మూడు పెద్ద ఆటలు అయ్యాక నేను వెళ్ళి కుర్చీలో కూర్చున్నాను.  భయం వేయలేదు, సంతోషంగా ఉంది. సిస్టర్ చెక్క మీదికి వచ్చింది. ఎర్ర శాలువా కప్పుకుంది. మోకాలి పట్టీ పావడా కింద దాగిపోయింది. ఆమె నా వైపు చూసి తల ఊపింది. మొదలుపెట్టాను.

మొదటి నిమిషం గిటారు, సిస్టర్ కాళ్ళు, మాయెస్ట్రా బోలు చప్పట్లు.  అప్పుడు చివరి వరసలోంచి చప్పట్లు కలిశాయి. మావాళ్ళవే. తాళం నాలుగు దెబ్బలదని వాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు, ఒంట్లోనే ఉంది. ఒళ్ళు పులకరించింది. నా ఊరు వచ్చి వక్రాలో కూర్చున్నట్టయింది. కానీ పది దెబ్బలు పడ్డాయో లేదో, చప్పట్లు పరుగందుకున్నాయి. భజన కదా మరి! ఎనిమిది జతల చేతులు నన్ను ముందుకు లాగుతున్నాయి. నా కుడి చెయ్యి కూడా అటే గుంజుతోంది. నేను కళ్ళు సిస్టర్ మీదే ఉంచాను. ఆమె పాదం ఒకటి ఆలస్యంగా పడింది. పెదవి బిగిసింది.

ఆమె కుడి చెయ్యి పైకి లేచింది. మణికట్టు మెల్లగా తిరిగింది. ఎడమ అరచెయ్యి వచ్చి దాని మీద కదలకుండా నిలిచింది.

చూసినవాళ్ళంతా ఆటే అనుకున్నారు. ముందు వరసలో ఒకావిడ "ఓలే" కూడా అంది. నేను చెయ్యి బిగబట్టి, తాళాన్ని వెనక్కి తెచ్చి ఆమె కాళ్ళ కింద పెట్టాను. చప్పట్లు మాత్రం ముందుకే పోతున్నాయి. అప్పుడు చివరి వరసలో రూమ్మేటు లేచాడు. వాళ్ళ వైపు తిరిగి చెయ్యి చాచి, అరచెయ్యి నేల వైపు తిప్పి ఒక్కసారి ఊపాడు. ఆ చెయ్యి చూస్తే ఆగాలని ఏళ్ళ తరబడి ఒంట పట్టించుకున్నవాళ్ళు. ఎనిమిది మందీ టక్కున ఆగిపోయారు. ఒకడి చేతులు గాల్లోనే ఉండిపోయాయి.

గదిలో ఇక నా గిటారు, ఆమె బూట్లు మాత్రమే ఉన్నాయి. సిస్టర్ భుజాలు దిగాయి. ముఖం విప్పారింది. నాలుగేళ్ళుగా వెనక వరసలో ఆడిన అడుగులన్నీ ఒక్కొక్కటీ తీరిగ్గా, ఎవరికీ భయపడకుండా ఆడింది. ఆమె ఆగితే ఆగాను. ఆమె కదిలితే కదిలాను.

ముగింపు దగ్గర పడింది. అనుకున్న ప్రకారం అదే నడకలో ముగించాలి. కానీ సిస్టర్ కాలితో మూడు సార్లు గట్టిగా కొట్టింది. పిలుపు. నా వైపు తిరిగి, చూపుడువేలు తల మీదికెత్తి సున్నాలు చుట్టింది.

వేగం పెంచమంటోంది!

నా చూపు ఆమె మోకాలి మీదికి పోయింది. చెయ్యి ఒక్క దెబ్బ తటపటాయించింది. ఆమె మళ్ళీ చూపించింది, ఈసారి వేలు ఇంకా గట్టిగా తిరిగింది. కింద ఉన్న సందు క్యాబిన్లో ఉన్నవాడికి కనిపించదు. కనిపించేది సిగ్నల్ ఇచ్చే మనిషికి. ఆ మనిషిని నమ్మాలి. ఎత్తాను.

ఆమె నవ్వుతూ ఉరికింది. నేను ఆమె వెనకే ఉరికాను. రూమ్మేటు చివరి వరస వైపు తిరిగి వేలు గాల్లో గిరగిరా తిప్పాడు. అంతే, ఎనిమిది మందీ కట్టలు తెంచుకున్నట్టు అందుకున్నారు. మా ఊరి జోరంతా ఆ గదిలోకి వచ్చి పడింది. సిస్టర్ చివరి దెబ్బ కొట్టి చెయ్యి చాచి ఆపింది. నేనూ ఆమెతోపాటే ఆగాను. వెంట్రుకవాసి తేడా లేదు.

ఆ అరుపులు, ఆ ఓలేలు, మావాళ్ళ ఈలలు చాలాసేపు తగ్గలేదు. సిస్టర్ వచ్చి నా పక్క కుర్చీలో కూలబడింది. ఎవరో ఐసు సంచి తెచ్చి మోకాలి మీద పెట్టారు. రొప్పుతూ నవ్వుతోంది. "నొప్పిగా ఉందా?" అని అడిగాను.

"ఉంది" అంది. "కానీ వేగం నేను అడిగాను. నువ్వు ఇచ్చావు. నాలుగేళ్ళలో ఎవరూ ఇవ్వలేదు."

నాకు ఏడుపు వచ్చేసింది. గిటారు మీద పడకుండా మొహం పక్కకు తిప్పుకున్నాను. తిప్పుకుంటే అక్కడ తలుపు దగ్గర రూమ్మేటు, రెండు చేతుల్లో నాలుగు సంచులతో.

"అన్నా! ఎనిమిదయితుంది! బస్సు వోతది!"

నేను గిటారు సంచిలో పెడుతుంటే జిప్పు పడటం లేదు. మాయెస్ట్రా వచ్చి జిప్పు లాగి, సంచి నా భుజాన వేసి, వీపు మీద ఒక్కటి చరిచింది.

"యల్లా" అంది. "ఇప్పుడు పరుగెత్తు."